ఖుర్బానీ పాట, సాయిబుల బ్యాండు

మమ్మల్ని చాలామంది చాలా అడిగారు. మీది ఏ దేశం అని అడిగారు. క్రికెట్లో ఎవరు గెలవాలని అడిగారు. ఇంట్లో తెలుగే మాట్లాడతామంటే, అయితే మీరు ముసల్మాన్లెట్టా అవుతారని అడిగారు. ఇన్ని అడిగిన ఈ లోకం ఒక పాటని మాత్రం నలభై అయిదేళ్లుగా ఏమీ అడక్కుండా పెళ్లి మెరవణిలోకి రానిస్తోంది. ఆ పాట పాడింది పాకిస్తాన్ పిల్ల. మా ఊళ్లో దాన్ని వాయించింది మేం.

పాట పేరు 'ఆప్ జైసా కోయీ'. సినిమా 'ఖుర్బానీ'. 1980 జూన్‌లో విడుదలైంది. మీకు తెలియని పాటేం కాదు. పేరు గుర్తు రాకపోయినా ఆ దరువు మొదలైతే మీ తల మీకు చెప్పకుండానే ఊగుతుంది.

ముందు ఆ సినిమా పేరు గురించి ఒక మాట. ఖుర్బానీ అంటే బక్రీదు రోజు మేం చేసేది. ఆ రోజు మా వీధి మొగదాకా వచ్చి ముక్కు మూసుకుని పక్క సందులోంచి పోయేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లే ఆ పేరు గల సినిమాకి నేల టికెట్టు కోసం చొక్కాలు చింపుకున్నారు. "ఖుర్బానీకి పోయొచ్చాం" అని గొప్పగా చెప్పుకున్నారు. మా నానమ్మకి సినిమా సంగతి తెలీదు. "పండగింకా దూరముందిగా, అప్పుడే ఖుర్బానీ ఏందిరా" అనేది.

మేం దూదేకులోళ్లం. ఈ మాట ఇప్పుడు మా పిల్లలు అనరు, నూర్‌బాషాలం అంటారు. మా ముత్తాత విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి దూదేకి పరుపులు కుట్టేవాడు. మా తాత నాదస్వరం పట్టాడు. ఇది వింతేం కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో గుళ్లల్లో మేళం వాయించిన వాళ్లల్లో మావాళ్లు చాలామంది. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగం చేరి, నాదస్వరంతో 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన పేరు చెప్పేటప్పుడు అందరూ చేతులు జోడిస్తారు. అదే కులపోడు పరుపులు కుట్టడానికొస్తే "ఏరా పింజారీ" అంటారు. బుర్రకథ నాజర్‌గారు తన జీవితకథకి 'పింజారి' అనే పేరు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

మా నాన్నకి తాత దగ్గర సరిగమలు వచ్చాయి గానీ నాదస్వరంతో ఇల్లు గడిచే రోజులు పోయాయి. అందుకని క్లార్నెట్టు పట్టాడు. బ్యాండు కట్టాడు. రెండు క్లార్నెట్లు, ఒక శాక్సఫోను, రెండు బాకాలు, పెద్ద డ్రమ్ము, సైడు డ్రమ్ము, తాళాలు. ఎర్రకోట్లు. మేం నలుగురు అన్నదమ్ములం, మీసాలు రాకముందే ఆ కోట్లలోకి దూరినవాళ్లమే. చేతులు పొడవైతే మడత పెట్టి కుట్టేది అమ్మ.

ఖుర్బానీ మా ఊరి హాలుకి వచ్చినప్పుడు నాన్న వరసగా నాలుగు రోజులు పోయి చూశాడు. కథ కోసం కాదు. పాట రాగానే కళ్లు మూసుకునేవాడంట. తెర మీద జీనత్ అమన్ ఆడుతుంటే కళ్లు మూసుకు కూర్చున్న మగాడు ఆ హాలు మొత్తంలో మా నాన్న ఒక్కడే అయి ఉంటాడు. ఇంటికొచ్చి లాంతరు ముందు కూర్చుని నోటుబుక్కులో స్వరాలు రాసేవాడు. తెలుగు అక్షరాల్లో, స, రి, గ, మ. లండన్‌లో రికార్డు చేసిన డిస్కో పాట మా ఇంట్లోకి అట్టా సరిగమలై వచ్చింది.

రాసుకున్నాక ఆయన అన్న మాట మాకు బాగా గుర్తు. "ఇది ఊపిరి తీసుకోవడానికి జాగా ఉన్న పాటరా."

మీరు పాట వినేవాళ్లు. మేం మోసేవాళ్లం. విడిది దగ్గర మొదలైతే అమ్మవారి గుడి, బజారు, మూడు బొమ్మల సెంటరు తిరిగి పందిరికి చేరేసరికి రెండు గంటలు. నడుస్తూ ఊదాలి. లతా మంగేష్కర్ పాట ఎంత గొప్పదైనా నడుస్తూ ఊదేవాడికి శిక్ష. ఎక్కడా ఆగదు, వంపులు, మెలికలు, ఊపిరి చాలదు. ఈ పాట అట్టా కాదు. పిల్ల ఒక మాట అంటుంది, ఆగుతుంది. ఆ ఖాళీలో దరువు నడుస్తూ ఉంటుంది. మళ్లీ ఒక మాట అంటుంది. ఆ ఖాళీలో మేం ఊపిరి పీల్చుకునేవాళ్లం. చిందేసేవాళ్లు ఆ ఖాళీలోనే ఈలేసేవాళ్లు. ఈ పాట ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందని పెద్దపెద్దవాళ్లు ఏమేమో చెబుతారు. మా లెక్క ఇది. దాన్ని చేసినవాడు అందులో అందరికీ కాస్త చోటు వదిలిపెట్టాడు. దరువు కూడా ఉరికించేది కాదు, మనిషి నడకకి సరిపోయేది. పెద్ద డ్రమ్ము మీద సమంగా నాలుగు దెబ్బలు, కింద నాలుగు అడుగులు.

ఇంకో సంగతి. ఆ పిల్ల గొంతు ఒక్కటిగా వినపడదు. అదే గొంతుని రెండోసారి పాడించి మొదటిదాని మీద పరిచినట్టుంటుంది. రికార్డింగు వాళ్లకి అదొక పద్ధతి. మాకు ఆ యంత్రాలు ఎక్కడివి? నాన్న ఇద్దరు క్లార్నెట్లనీ ఒకే స్వరం ఊదించాడు, ఒకడు వెంట్రుకవాసి వెనకగా. అచ్చం అట్టాగే వచ్చింది. మా నానమ్మ మాత్రం ఆ పాటలో కింద గుబగుబలాడే గిటారు చప్పుడు విని, "ఇది దూదేకే నారి గదరా, మీ తాతయ్యలు కొడితే ఇట్టాగే మోగేది" అంది. మాకు నవ్వొచ్చింది. తర్వాతెప్పుడు విన్నా అది నారి లాగే వినపడింది.

ఇక ఆ పాట చేసినవాళ్ల సంగతి. సినిమా తీసిందీ, హీరో వేసిందీ ఫిరోజ్ ఖాన్. పఠాను, పుట్టింది బెంగుళూరు. మిగతా పాటలకి సంగీతం కల్యాణ్‌జీ ఆనంద్‌జీ. ఈ ఒక్కటీ బిడ్డు చేశాడు. ఆయనా బెంగుళూరు మనిషే, కుర్రతనంలో గిటారు పట్టుకుని ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1974లో లోకమంతా ఊగిపోయిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' ఆయన చేయించిందే, దాన్ని పాడింది జమైకా నుంచి వచ్చిన నల్లజాతి గాయకుడు కార్ల్ డగ్లస్. మాటలు రాసింది ఝాన్సీ వైపు మనిషి ఇందీవర్. పాడింది నాజియా హసన్. 1965లో కరాచీలో పుట్టింది, లండన్‌లో పెరిగింది. పాట వచ్చేనాటికి ఆ పిల్లకి పదిహేనేళ్లు. 1980 సినిమాలకి ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి ఆ పిల్లకే వచ్చింది. పాకిస్తాన్ వాళ్లల్లో ఆ బహుమతి అందుకున్న మొదటి మనిషి.

ఈ కరాచీ సంగతి మాకు సినిమా పత్రిక చూస్తే తెలిసింది. పెద్దన్న గట్టిగా చదివాడు. నాన్న సంతోషపడ్డాడు. నోటుబుక్కు తీసి ఆ పాట పైన 'కరాచీ పిల్ల పాట' అని రాసుకున్నాడు. ఒక ముసల్మాను పిల్ల, మా అక్క వయసుది, దేశం మొత్తాన్ని ఆడిస్తోందని ఆయన సంబరం. అందులో దేశాల గొడవ ఆయనకి తట్టలేదు.

మా పెద్దక్క గురించి చెప్పాలి. ఆమెదీ 1965 పుట్టుకే. తొమ్మిదో తరగతితో బడి మాన్పించారు. బ్యాండు సాధన మా వసారాలో జరిగేది. అక్క తలుపు వెనక నిలబడి వినేది. మా ఇళ్లల్లో మగవాళ్లు ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నిటికీ వాయిస్తారు, ఆడవాళ్లు తలుపు ఇవతలికి రారు. అప్పటిదాకా హిందీ పాటలో ఆడగొంతు అంటే లతమ్మ, ఆశమ్మ. అవి దేవతల గొంతులు. ఇది పక్కింటి పిల్ల గొంతు. కొంచెం ముక్కుతో, ఎక్కడా నేర్చుకోనట్టు, గొంతు పెంచకుండా. పాటలో ఆ పిల్ల అడిగేది కూడా పెద్దదేం కాదు, తనకి నచ్చిన మనిషి తన బతుకులోకి రావాలని. అది అక్కకి అర్థం తెలిసి కాదు, ఆ గొంతు అడుగుతున్న తీరుని బట్టి తెలిసింది. మామయ్య కువైట్ నుంచి టేపురికార్డరు తెచ్చాక ఆ క్యాసెట్టు టేపు సాగిపోయేదాకా విన్నది. దీన్ చెప్పడానికి వచ్చిన పెద్దలొకరు "ఆడపిల్లలున్న ఇంట్లో ఈ గానాబజానా హరాం" అంటే, నాన్న "మరి మేం తినేది ఆ హరామేగదా సాయిబూ" అన్నాడు. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఏళ్లల్లో మా వీధిలో రెండు మూడిళ్లల్లో ఆడపిల్లలకి నాజియా అని పేర్లు పెట్టారు. అంతకుముందు మా ఇళ్లల్లో కాశింబీలు, మస్తానమ్మలు, హుసేనమ్మలే.

అక్కని చూసుకోవడానికి టౌను నుంచి ఒక సంబంధం వచ్చింది. ఉర్దూ మాట్లాడే వాళ్లు, షేకులు. పిల్లవాడి తల్లి అక్కని "ఉర్దూ ఆతీ క్యా?" అని అడిగింది. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు. అల్‌హందు సూరా వచ్చు, దాని అర్థం తెలుగులోనే తెలుసు. అక్కకి ఉర్దూలో వచ్చిందల్లా ఆ పాట ఒక్కటే. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు ముందు పిల్ల ఆ పాటలోని మాటలు అంటే ఎట్టుంటుందో మీరే ఊహించుకోండి! అక్క పెదవి బిగబట్టుకుని తల వంచుకు కూర్చుంది. వాళ్లు సిగ్గనుకున్నారు. తర్వాత కబురు పంపారు, దూదేకుల సంబంధం వద్దని. ఇప్పటికీ ఆమె ఈ సంగతి చెప్పుకుని నవ్వుతుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. వినుకొండ వైపు పరుపుల కొట్టున్న ఇంటికిచ్చి చేశాం. ఆ పెళ్లికి బ్యాండు లేదు. బ్యాండువాళ్లంతా పెళ్లివాళ్లే, ఇంక వాయించేదెవరు?

హిందువులకి మేం పాకిస్తాన్ వాళ్లం, ముసల్మాన్లకి మేం సగం తెలుగోళ్లం. ఈ రెండిటి మధ్యన వాయించుకుంటూ బతికాం.

1986 ఏప్రిల్‌లో షార్జాలో చివరి బంతికి జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. చేతన్ శర్మ వేసిన బంతి అది. మర్నాడు బళ్లో మా చిన్నోణ్ణి నిలబెట్టి "మీవాడు గెలిచాడుగా, మిఠాయిలేవిరా" అని అడిగారు. అడిగింది పిల్లలు కాదు, పంతులు. ఇంటికొచ్చి చెబితే నాన్న ఏమీ అనలేదు. రాత్రి నోటుబుక్కు తీసి 'కరాచీ' అనే మాట కొట్టేసి పైన 'లండన్' అని రాశాడు. 'లండన్ పిల్ల పాట'. మాతో అన్నాడు: "ఆ పిల్ల ఎక్కడిదో ఎవరికీ చెప్పబాకండి. అడిగితే లండన్ అనండి. అబద్ధమేం కాదుగా."

అబద్ధం కాదు. అయినా మాకు ఆ రోజు నుంచి ఆ పాట వాయించేటప్పుడు సంచిలో ఏదో దాచిపెట్టుకుని బజార్లో నడుస్తున్నట్టుండేది.

1992 డిసెంబరు 6 తర్వాత మాఘమాసం పెళ్లిళ్లకి ఇచ్చిన బయానాలు ఆరు వెనక్కి తీసుకున్నారు. "ఏమనుకోబాక మాస్టరూ, కుర్రాళ్లు ఒప్పుకోవడంలా" అని మర్యాదగానే చెప్పారు. వాళ్లు మాట్లాడుకున్న వేరే ఊరి బ్యాండు కూడా సాయిబులదే. కాకపోతే వాళ్ల డ్రమ్ము మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉంది. నాన్న పెయింటరుని పిలిపించి మా పెద్ద డ్రమ్ము మీది నెలవంకని చెరిపించి నెమలిని వేయించాడు. నెమలి బాగానే కుదిరింది. మేమెవ్వరం దానివైపు చూడలేకపోయాం.

ఆ మాఘంలోనే ఒక పెళ్లి మిగిలింది. పెళ్లికొడుకు తండ్రి పాత స్నేహితుడు, మాటకి నిలబడ్డాడు. మెరవణి బయల్దేరింది. ముందు నడిచే కుర్రాళ్లల్లో మా వీధి గోడ మీద పొమ్మని రాసినవాళ్లు ఉన్నారు. ఆ చేతిరాత మాకు తెలుసు, మాతో చదివినవాళ్లే. మేం దేవుడి పాటలు వాయించాం. ఘంటసాల పాటలు వాయించాం. సెంటరు దగ్గరికొచ్చేసరికి వాళ్లల్లో ఒకడు నాన్న ముందుకొచ్చి, "మామా, ఖుర్బానీ పాట కొట్టు" అన్నాడు.

నాన్న మా వైపు ఒకసారి చూశాడు. కొట్టాం. మూడుసార్లు కొట్టించారు. పది రూపాయల నోట్లు పళ్ల మధ్య పట్టుకుని ఆడారు. గోడ మీద రాసినవాడు మా రెండో అన్నని చెమటతో వాటేసుకుని "ఏం వాయిస్తున్నావురా" అని బుగ్గ గిల్లాడు. ఇంతలో మసీదు వీధి వచ్చింది.

మసీదు ముందు ఈ కరెంటు స్తంభం నుంచి ఆ స్తంభం దాకా బ్యాండు ఆపడం మా ఊళ్లో తాతలనాటి కట్టుబాటు. ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న క్లార్నెట్టు పెదవుల మీంచి తీశాడు. డ్రమ్ము ఆగింది. "ఎందుకు ఆపారు, కొట్టండి" అని ఒకడు అరిచాడు. ఇషా నమాజు వేళ. లోపలివాళ్లు కొందరు బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డారు. పెళ్లికొడుకు తండ్రి పరుగున వచ్చి "ఆపండ్రా, వాళ్లు నమాజు చదువుకుంటన్నారు" అన్నాడు. ఒక నిమిషం ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పెట్రోమాక్సు లైట్ల బుస మాత్రం వినపడింది.

అప్పుడు కుర్రాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. అదే దరువు. సమంగా నాలుగు దెబ్బలు. బ్యాండు లేకుండా, చేతుల్తోనే, ఆ పాటని అట్టాగే మోసుకుంటూ ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా ఆడుకుంటూ పోయారు. మేం వాయిద్యాలు దించుకుని వాళ్ల వెనక నడిచాం. మెట్ల మీద వాళ్లు చూస్తూ నిలబడ్డారు. వాళ్లల్లో ఒక పిల్లాడు, టోపీ పెట్టుకుని, కాలు ఆడిస్తున్నాడు.

రెండో స్తంభం దాటాక నాన్న ఆ పాటనే అందుకున్నాడు, ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి.

ఆ చప్పట్లు మమ్మల్ని రెచ్చగొట్టడానికా, లేక పాట వదల్లేకా? మా అన్నదమ్ముల్లో ఇద్దరు అది అంటారు, ఇద్దరు ఇది అంటారు. ఇన్నేళ్లయినా తెగలేదు. ఆ రాత్రి మెట్ల మీదున్న మావాళ్లు నాన్నని తర్వాత నిలదీశారు, ఆ పాటే వాయించాలా అని. వాళ్లకీ ఆ పాట పాడింది ఎవరో తెలీదు.

డిస్కో అంటే ఏమిటో మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకు అదొక దరువు, ఒక మెరుపు చొక్కా, 1982లో మిథున్ చక్రవర్తి, 1984లో తెలుగులో బాలకృష్ణ 'డిస్కో కింగ్'. ఇంకా పెద్ద లైటు గుండు. అమెరికాలో అది మొదట నల్లవాళ్లూ, స్పానిష్ మాట్లాడే వలసోళ్లూ, మగవాళ్లని ప్రేమించే మగవాళ్లూ కలిసి ఆడుకున్న పాటంట. ఎక్కడా రానివ్వని వాళ్లు తలుపులేసుకుని ఆడుకున్న పాట. 1979 జూలై 12న షికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో, డిస్కో రికార్డు తెచ్చినవాళ్లకి 98 సెంట్లకే టికెట్టు ఇచ్చి, ఆ రికార్డులన్నీ మైదానం మధ్యలో పెట్టి పేల్చారు. జనం గ్రౌండులోకి ఉరికి ఆ రోజు రెండో ఆట జరక్కుండా చేశారు. ఆ మైదానంలో పనిచేసిన ఒక నల్లజాతి కుర్రాడు, పెద్దయ్యాక తనూ సంగీతంవాడే అయ్యాడు, ఆ కుప్పలో డిస్కో కానివి కూడా, నల్లవాళ్లు పాడినవి ఏవైనా సరే తెచ్చి పడేశారని చెప్పాడు. ఇది చదివినప్పుడు మా పెద్దన్న "మన వీధి గోడే" అన్నాడు. అక్కడ పేల్చిన ఏడాదికే ఇక్కడ ఖుర్బానీ వచ్చింది.

ఆ దరువు మాదిగపల్లె డప్పు మీదికి ఎక్కింది కూడా అప్పుడే. మా బ్యాండు, వాళ్ల డప్పు ఒకే పెళ్లికి కలిసినప్పుడు మేం ఆపగానే వాళ్లు అందుకునేవాళ్లు. భోజనాల దగ్గర మాత్రం మమ్మల్ని పందిరి బయట ఒకవైపు, వాళ్లని ఇంకా బయట ఇంకోవైపు కూర్చోబెట్టేవాళ్లు.

నాజియా తర్వాత తమ్ముడు జోహెబ్‌తో కలిసి 1981లో 'డిస్కో దీవానే' చేసింది, దానికీ సంగీతం బిడ్డే. ఆ రోజుల్లో పాకిస్తాన్లో జియా ఉల్ హక్ పాలన, టీవీలో కనపడే ఆడవాళ్లు తల మీద దుపట్టా కప్పుకోవాలన్న రోజులు. అక్కడా ఈ పాట అందరికీ నచ్చే పాట కాదు. ఆ పిల్ల లా చదివింది, న్యూయార్కులో ఐక్యరాజ్యసమితిలో కొన్నాళ్లు పనిచేసింది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 2000 ఆగస్టు 13న లండన్‌లో పోయింది. ముప్ఫై అయిదేళ్లు. మర్నాడు వాళ్ల జెండా పండగ, ఆ మర్నాడు మన జెండా పండగ. అక్క ఫోన్ చేసి ఏడ్చింది. తన ఈడుది పోయిందని. 2002లో పాకిస్తాన్ ప్రభుత్వం చనిపోయిన పిల్లకి పెద్ద బిరుదు ఇచ్చింది.

ఫిరోజ్ ఖాన్ 2006లో లాహోర్ వెళ్లి మా దేశంలో ముసల్మాన్లు ముందుకు పోతున్నారని మాట్లాడితే ముషారఫ్ ప్రభుత్వం ఆయన్ని మళ్లీ రానివ్వలేదు. ఇక్కడ కొందరు చప్పట్లు కొట్టారు. అంత పెద్ద హీరో కూడా పరాయి గడ్డ మీద నిలబడి తన దేశం ఏదో చెప్పుకోవాల్సి వచ్చిందే అని మాకనిపించింది. మా చిన్నోడు బళ్లో నిలబడ్డట్టే ఉంది అది.

2016లో ఊరీ తర్వాత పాకిస్తాన్ కళాకారుల్ని పెట్టుకోకూడదని బొంబాయి నిర్మాతల సంఘం తీర్మానించింది. 2019లో పుల్వామా తర్వాత సినిమావాళ్లల్లో మళ్లీ అదే మాట వచ్చింది. 2025 మేలో, పహల్గాంలో అమాయకుల్ని చంపిన తర్వాత, పాకిస్తాన్‌లో పుట్టిన సినిమాలూ పాటలూ తీసెయ్యమని ప్రభుత్వం ఓటీటీల వాళ్లకి చెప్పింది. మన సినిమాల పాటల అట్టల మీద పాకిస్తాన్ నటుల బొమ్మలు ఉంటే అవి కూడా మాయమయ్యాయి. పక్కన హీరో ఒక్కడే మిగిలాడు. చంపినవాళ్ల మీద కోపం మాకూ ఉంది, మాకు ఇంకొంచెం ఎక్కువే ఉంది, ఎందుకంటే వాళ్లు తుపాకీ పేల్చిన ప్రతిసారీ ఇక్కడ సంజాయిషీ ఇచ్చుకునేది మేం. కానీ పాట ఎక్కడ పుట్టినట్టు? కరాచీ గొంతు, బెంగుళూరు దరువు, ఝాన్సీ మాట, లండన్ గది. ఆ ఏడాది జూలైలో, రెండు నెలలు తిరిగేసరికి, నెట్‌ఫ్లిక్స్‌లో మాధవన్ వేసిన హిందీ సినిమా ఒకటి వచ్చింది. దాని పేరు 'ఆప్ జైసా కోయీ'. ఎవరూ ఏమీ అడగలేదు.

అంతకుముందు 2022లో ఇంకో సినిమాలో ఆ పాటని మళ్లీ చేశారు, మలైకా అరోరా ఆడింది. మనవరాలు ఫోన్లో చూపిస్తే అక్క సగం దాకా విని ఫోను తిరిగి ఇచ్చేసింది. "కొట్టుడెక్కువైంది, పిల్లకి ఊపిరాడనివ్వట్లా" అంది. మా ఊళ్లో ఇప్పుడు బ్యాండు లేదు. పెళ్లికి డీజే బండి వస్తుంది, స్పీకర్లు ఇంటి పెంకులు అదరగొడతాయి. వాళ్లూ ఆ పాట వేస్తారు. నాన్న 2009లో పోయాడు. పెద్ద డ్రమ్ము చర్మం చిరిగింది, నెమలి సగమే ఉంది.

మొన్న డప్పు వాయించే వాళ్ల కుర్రాడొకడు వచ్చాడు. డిగ్రీ చదివాడు, స్నేహితులతో కలిసి పాత పద్ధతిలో బ్యాండు కడుతున్నాడంట, మళ్లీ అడుగుతున్నారంట జనం. మాస్టరుగారి నోటుబుక్కు చూపించండన్నా అన్నాడు. తీశాం. పేజీలు పసుపుపచ్చగా అయ్యాయి గానీ నాన్న అక్షరం గట్టిగానే ఉంది. ఫోనుతో ఫొటో తీసుకోమన్నాం. వద్దు, చేత్తో రాసుకుంటేనే వస్తదన్నాడు. వసారాలో కూర్చుని స్వరం స్వరం దించుకున్నాడు. అంతా అయ్యాక పైన పేరు రాసుకోబోతూ ఆగాడు.

"లండన్ అని ఉంది సరే, దీని కింద కొట్టేసిన మాట ఏందన్నా?"

చదివి చెప్పాం.